లకుముకికి చేప

గద్దనే వెయ్యమన్నాడు వీరాంజనేయులు.
పది చక్రాల బండి వెనక
రెక్కలు విప్పిన గద్ద, గోళ్ల కింద భూగోళం.
చిలకలూరిపేట నుంచి నాగపూర్ దాకా
ఓవర్‌టేక్ చేసేవాడు జడుసుకోవాలంట.

ఆటోనగర్‌లో మా షెడ్డు
రేకుల కింద కాలే పెనం.
మా నాన్న సిలార్ నలభై ఏళ్లు
ఇక్కడే పులుల్ని పుట్టించాడు,
ఒక్క పులినీ చూడకుండా.
క్యాలెండర్ పులికి మీసం పెంచి
మనిషి కళ్లు పెట్టి రోడ్ల మీదికి తోలాడు.
ఇప్పుడాయన కంట్లో పొర.
డబ్బా మూత తీస్తే వాసన పట్టి
"ఇది పచ్చ, అది కాషాయం" అంటాడు.
సగంసార్లు తప్పుతాడు.
నేను ఊఁ కొడతాను.

ఆ వారం నేను చూసింది గద్దని కాదు.
బందరు కాలువ గట్టున
క్యారేజీ కడుక్కుంటుంటే
కేబుల్ తీగ మీద లకుముకి.
కాఫీపొడి రంగు తల,
ఉతికి ఆరేసినట్టు తెల్లటి గొంతు,
ముక్కు మాత్రం యార్డులో తేజ మిరప.
ఇంతేగా అనుకున్నా.

ఎగిరింది.
వీపు తెరుచుకుంది.
ప్లాస్టిక్ సంచులు తేలే ఆ నీళ్ల మీద
ఒక్క గీత, నీలం.
గీత చెరిగాక కూడా
నా కళ్లలో ఆరని నీలం.

ఆకాశనీలంలో చిటికెడు పచ్చ. కాదు.
కాస్త తెలుపు. కాదు.
ఏడు డబ్బా మూతలు పాడుచేశాను.
గట్టు మీద దొరికిన ఈకని
ఎండకి అడ్డం పెట్టి చూస్తే మట్టిరంగు!
తిప్పితే నీలం.
మళ్లీ తిప్పితే మట్టి.
నాన్న ఆ ఈకని చెంపకి రాసుకుని
"రంగు దీని సొంతం కాదే పిల్లా,
ఎండ దగ్గర అప్పు తెచ్చుకుంటోంది.
మనమూ అప్పే చేద్దాం.
అడుగున వెండి పూత, పైన నీలం పలచగా" అన్నాడు.
చూపు పోయాక ఆయన చెప్పిన రంగుల్లో
గురి తప్పనిది ఇదొక్కటే.

వీరాంజనేయులు వచ్చి చూశాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
"గద్దేదమ్మా?"
"ఇదీ వేటగాడే."
"పిడికెడు పిట్ట! ఇంత బండికి!"
రెండు వందలు కోసుకున్నాడు.
మిరప టిక్కీలు ఎత్తుకోడానికి
బండి గుంటూరు దారి పట్టింది.
చూడకూడదనుకుంటూనే
మలుపు తిరిగేదాకా చూశాను.

మూడు నెలలకి, ముసురులో,
మళ్లీ షెడ్డు ముందు అదే హారన్.
ఆదిలాబాద్ అవతల ఎవడో వెనకనించి గుద్దాడంట.
బంపరు వంగింది, చెక్క చీలింది,
లైట్లు రెండూ లేవు.
పిట్ట ముక్కు దాకా బాగానే ఉంది.
ముక్కున ఉన్న చేపే రాలిపోయింది.

వెల్డింగు కొట్టు దాటుకుని
నెత్తిన తువ్వాలుతో మా దగ్గరికొచ్చాడు.
"దాబాల దగ్గర అడుగుతున్నారమ్మా,
పాపం ఖాళీ నోటితో ఎక్కడికని.
ముందు చేప వెయ్యి."
"ముందు బంపరు చేయించు."
"బంపరుకి ఆకలెయ్యదు."

లోపల నాన్న నవ్వు, దగ్గు కలిసిపోయి.
నేను వెండి డబ్బా మూత తీశాను.
కాలువలో ఇప్పుడు మిగిలింది జిలేబీ చేపే.
దాన్నే వేశాను, మునుపటికంటే కాస్త పెద్దది,
తోక ఇంకా కొట్టుకుంటున్నట్టు.