రెండు లైన్లు తక్కువ

లార్డ్ వెన్‌హోమ్ పోయాడని
రాత్రి పదిన్నరకి టెలిఫోను.
ఫోర్‌మన్ క్రాబ్‌ట్రీ టోపీ తీశాడు.
నేను తియ్యలేదు. చేతులకి సిరా,
అంతే, అని చెప్పుకున్నాను.

ఆయన చావు మా దగ్గర తొమ్మిదేళ్లుగా నిలవుంది.
పై అరలో, పురికొసతో కట్టిన గాలీ.
కూర్చింది నేనే, ఆయన గుండె మొదటిసారి ఆగబోయినప్పుడు.
ఆగలేదు. తారీకు చోటు ఖాళీగా వదిలి పైకెత్తాం.
ఇప్పుడు దించి దుమ్ము ఊదితే
బతుకంతా సీసంలో, అద్దంలోలా తిరగబడి.
మాకది అలవాటే.
కంపోజిటర్ ఎవర్నైనా అటువైపు నుంచే చదువుతాడు.

"రేవు సమ్మెను స్థైర్యంతో ఎదుర్కొన్నారు."
ఒక్క వాక్యం.
దాని వెడల్పు నాకు తెలుసు,
మా వీధంత.
గుర్రాలు గోదాముల వైపు నుంచి వచ్చాయి.
మా అన్న సెథ్ చేతిలో ఉన్నది
హెర్రింగ్ చేపల బుట్ట. రాయి కాదు.
అతను పడ్డాక చేపలు రాళ్లబాట మీద జారి
తలో దిక్కూ పోయాయి.
నాకప్పుడు పదకొండేళ్లు.
ముందు చేపలే ఏరాను.

తర్వాతి పేరా యుద్ధం.
దీన్ని ఒక్క తప్పు లేకుండా కూర్చాను, ఒప్పుకుంటాను.
రేవు మూడు రాత్రులు కాలినప్పుడు
మట్టి షెల్టర్లో మోకాలి లోతు నీళ్లలో,
యూనియన్ కార్డున్న జేబు మీద చెయ్యేసుకుని
ఆయన గొంతు కోసం రేడియో చెవి మెలిపెట్టినవాణ్ణి.
"తల వంచం" అన్నాడు.
అదే మాట అన్నందుకు మా నాన్నని
ఆర్నెల్లు జైల్లో పెట్టించినవాడు.
మాట అదే.
ఆ రాత్రి మాత్రం అది నా వెన్నులో నిలబడింది.

పక్కన తోఫజ్జల్, ఓడ బొగ్గుగదిలో పనివాడు,
సిల్హెట్ వైపు మనిషి. శ్రద్ధగా విన్నాడు.
"గొంతు బావుంది" అన్నాడు.
"మా ఊరి దాకా రాదు. బియ్యం పడవా రావటం లేదట."
తడిసిన ఉత్తరం మడిచి చెప్పులో పెట్టుకున్నాడు.
గాలీ మొత్తం వెతికాను,
ఆ పడవ లేదు.

యుద్ధం గెలిపించాడు.
తర్వాతి ఎన్నికలో నేనూ డోర్కస్సూ
వానలో రెండు గంటలు నిలబడి మరీ ఓడించాం.
రెండూ నావే. ఆ రేడియోకి వంగిన మెడా నాదే,
ఆ ఓటేసిన చెయ్యీ నాదే.
ఒకదాన్నొకటి క్షమాపణ అడగవు.

"కాలం రెండు లైన్లు తక్కువొచ్చింది,
ఏదో ఒకటి పెట్టు" అన్నాడు క్రాబ్‌ట్రీ.
కేసులోంచి సెథ్ పేరు ఏరాను.
స్టిక్‌లో పెట్టి చూశాను చాలాసేపు.
మళ్లీ ఏ గడి అక్షరం ఆ గడిలో వేసేశాను.
ఆయన పక్కన పడుకోబెట్టటం ఇష్టం లేక.
రేపటి పోటు వేళలు పెట్టాను.

తెల్లారి మా అమ్మ కెజయా దగ్గరికి పేపరు తీసుకెళ్లాను.
సామాన్ల అర తలుపు మీద ఆయన బొమ్మ
యుద్ధం నాటి నుంచీ ఉంది, అమ్మే కత్తిరించి అతికింది.
ఒక కన్ను మాత్రం టోపీ పిన్నుతో పొడిచేసింది.
ఎందుకని ఎవరం అడగలేదు.

"చదువు" అంది. చదివాను.
సమ్మె వాక్యం దగ్గర ఆగితే
"ఊఁ, కానీ" అంది.
చివరిదాకా విని,
కళ్లజోడు తుడుచుకుని, పేజీ తిప్పమంది.

"హెర్రింగ్ ఎంతకి పోతోందో చూడు."