నత్తగుల్ల గుర్తు

రావులపాలెం అరటి మార్కెట్టు ఎదుట
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు,
వస్తూ పోతూ కరెంటు.
గెలలు దించే కేకల్లో
ఊళ్ళోవాళ్ళ అర్జీలు నింపడం నా పని.

గుబ్బల వీరాస్వామి బాబాయ్
లొల్ల లాకుల మీద ముప్పై నాలుగేళ్ళు లస్కరు.
పింఛను బకాయి కోసం వచ్చాడు.
పేరు ఎక్కింది, పుట్టిన తేదీ ఎక్కింది,
ఈమెయిల్ గడి దగ్గర ఎర్రగా ఆగింది:
"సరైన చిరునామా ఇవ్వండి."

మనవరాలు ఆయన ఫోనుకి పంపినదే,
నా నంబరుకి తెప్పించి
అక్కణ్ణించి తీసి అతికించాను.
"నడిమిని నత్తగుల్ల పెట్టేవా అమ్మా?"
పెట్టాను.
"చుక్కో?"
అదీ ఉంది.
మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఎరుపు.
తప్పని అంటుందే గాని ఏది తప్పో చెప్పదు.
వెనక బల్ల మీద నలుగురు, ఒకామె ఒళ్ళో చంటిపిల్ల ఏడుపు.
విసిగి, మొత్తం చెరిపేసి
చేత్తో గబగబా కొట్టాను.
పచ్చటి టిక్కు.

బాబాయ్ దాన్ని చాలాసేపు చూశాడు.
"మా లాకూ ఇంతేనమ్మా.
అటు నీళ్ళూ ఇటు నీళ్ళూ ఒక మట్టానికొస్తే
తలుపు తీసేవోళ్ళం.
పడవలో ఉన్నది ధాన్యమో దొంగసరుకో
మట్టం కొలిచే రాయికేం తెలుసు?"
నవ్వి, ముప్పై రూపాయలు తీసుకున్నాను.

నెల తిరిగింది. జవాబు రాలేదు.
కాలవలు కట్టేశారు,
లాకు అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది.
ఆయన మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూచున్నాడు.

అప్పుడు చూశాను.
నా వేళ్ళలో గుబ్బల ఒత్తు జారి
గుబల అయింది.
పచ్చటి టిక్కు దానికే.

మరి ఆ పాతది? మళ్ళీ అతికించి
బాణం మీట నొక్కుతూ పోతే
గీత ఆఖరి అక్షరం దాటి
ఇంకొక్క అడుగు వేసింది.
అక్కడ ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదానికే
ఉన్న పేరు తప్పయి కూచుంది.

ఖాళీ చెరిపాను. అర్జీ ఇంకా పంపలేదు.
ముందు నా దగ్గర్నించి ఆ చిరునామాకి
ఒక్క ముక్క రాశాను: అందిందా?

ఇద్దరం కదలకుండా ఉన్నాం.
బయట కర్పూర గెలల వేలంపాట
పాతిక దగ్గర తచ్చాడుతోంది.
ఆయన చొక్కా జేబు కిణుక్కుమంది.
ఫోను తీసి, చెవికి ఆనించుకుని
"ఆయ్, చెప్పండి" అన్నాడు
నాకేసి చూస్తూ.