బకెట్టు ఇంకా పడలేదు

నౌపడా నుంచి చిన్నబండి
గుణుపురం చేరేసరికి మజ్జాన్నం మూడు.
దిగేవి ఎప్పుడూ అవే:
ఉప్పుబస్తాలు, పెళ్లివారు, సినిమా పెట్టె.
పెట్టె మోసేది నేను.
సాయంత్రం టికెట్లు చింపేదీ నేనే.

నీలమణి టాకీసుకి రేకుల కప్పు.
వానొస్తే మాటలు వినపడవు,
వాన లేకపోతే సగంమందికి అర్థం కావు.
ఒడియావాళ్లు కుడిపక్క, మనవాళ్లు ఎడమపక్క,
కొండ దిగిన సవరలు ముందు నేల మీద.
ఎవరూ గీత గీయలేదు,
అలా కూచుంటారంతే.

ఆ వారం వచ్చింది నవ్వుల బొమ్మ.
కథ అడక్కండి.
అద్దెకొచ్చినవాడు పెళ్లయిందని అబద్ధమాడతాడు,
ఇంటివాడికి కూతురుంటుంది,
తలుపు మీద బకెట్టుంటుంది.
అది ఎవరి నెత్తిన పడుతుందో
గేటు దగ్గర పల్లీలమ్మే గుంటడికి కూడా తెలుసు.
తెలిసే నవ్వుతారు.
తెలియనివాడు ఒక్కడే, తెర మీద,
గడియ మీద చెయ్యి వేస్తున్నాడు.
రేషను ఎప్పుడొస్తుందో తెలీదు మాకు,
వంశధార ఏ రాత్రి పొంగుతుందో తెలీదు.
బకెట్టు మటుకు పడుతుంది.

సొంబారి గొమాంగో కొండచీపుళ్లు అమ్ముకునే మనిషి.
తెలుగు ముక్క రాదు, ఒడియా బేరానికి మట్టుకే.
మొదటిరోజు బకెట్టు పడ్డాక నవ్వింది.
మూడోరోజు తలుపు కనపడగానే.
ఐదోరోజు వాడింకా చెప్పులేసుకుంటున్నాడు,
ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టేసుకుంది.

మాటల సంగతి వేరు.
"ఈ ఇంట్లో నీ పాలెంత?" అని గర్జిస్తాడు ఇంటివాడు.
"పూటకి అరలీటరు" అంటాడు అద్దెవాడు.
ఎడమపక్క గొల్లుమంది.
కుడిపక్క వరసంతా మొహమొహాలు చూసుకుంది.
పోస్టాఫీసు కృపాసింధు పాఢీ బాబు
నా చొక్కా పట్టి లాగాడు, "కొణొ కొహిలా?"
చెప్పాను. పాలంటే ఖీరొ బాబూ, పాలంటే భాగొ కూడా.
"ఖీరొకి భాగొకి సంబంధం ఏటి?"
వేళ్లు మడిచి చెప్పాను, లోటా ఎత్తి చూపి చెప్పాను,
చెప్పగా చెప్పగా
అందులో నవ్వేముందో నాకే పోయింది.
ఈలోగా తెర మీద పిల్ల తల్లి చచ్చిపోయింది.
హాలంతా ముక్కులు చీదుతోంది.
అప్పుడు అందింది ఆయనకి.
లేచి నిలబడి మరీ నవ్వాడు,
శవం మీద పూలు చల్లుతుంటే
కళ్లజోడు తీసి తుడుచుకుని నవ్వాడు.
తిట్టడానికి లేచినవాళ్లు తిట్టలేక కూలబడ్డారు.
మర్నాడు ఆ చావు కోసమే జనం వచ్చారు.

అందరూ నవ్వే చోటు ఇంకోటుంది.
ఒంటికి ఆకులు, మొహానికి మసి,
కొండవాడట, దూకుతాడొకడు.
అర్థంలేని అరుపులు అరుస్తాడు,
సబ్బు చేతికిస్తే కొరికి తింటాడు.
ఐదురోజులూ నవ్వాను నేను.
ఆరోరోజు ఎవరిదో చెప్పు పోయిందని టార్చి వేస్తే
వెలుగు సొంబారి మొహం మీద పడింది.
కోపం లేదు.
మూట విప్పి వేయించిన చింతపిక్కలు ఏరుకుంటోంది,
వానకి చూరుకింద నిలబడ్డ మనిషిలా.
ఆమెకి అదీ ముందే తెలుసు.
ఏ బొమ్మలో ఏ చోట వస్తుందో
ఎన్నాళ్లుగానో తెలుసు.
టార్చి ఆర్పేశాను.
ఇంకేం చెయ్యలేదు.
మర్నాడు ఆ చోటొచ్చేసరికి
బీడీ వంకతో బయటికి పోయాను.

ఆఖరాటకి రీలు తెగింది.
ఆపరేటరు బమ్మిడి జోగినాయుడు తిట్టుకుంటూ అతికించాడు.
అతుకులో రెండు మూరలు పోయింది బొమ్మ,
సరిగ్గా ఆ రెండు మూరలే.
తలుపు మీద బకెట్టుంది.
గడియ మీద చెయ్యుంది.
ఆ తర్వాత వాడు తడిసి ఉన్నాడు.
పడటం లేదు.
రేకుల కింద గబ్బిలం కదిలిన చప్పుడు,
అంతకుముందే ఎక్కడో ముందు నేల మీంచి
కొంగు దాటుకుని వచ్చేసిన నవ్వు,
వెనకాలే కుడిపక్క, ఎడమపక్క.
డబ్బులు వెనక్కిమ్మని ఒక్కడూ అడగలేదు.

తెల్లారి పెట్టె నెత్తినెట్టుకుని స్టేషనుకి పోతుంటే
పాఢీ బాబు సైకిలు దిగాడు.
రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.
"సరే, అరలీటరే ఎందుకు?
లీటరంటే నవ్వు రాదా?"

ఆలోచిస్తున్నాను.
బండి కూత వేసింది.