పదిహేడో పేరు

బయట మైనస్ ముప్పైరెండు.
లోపల మా కంప్యూటర్‌కి జ్వరం.

ఉలాన్‌బాతర్‌లో, అదీ జనవరిలో,
ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు.
కనురెప్పల మీద మంచు మోసుకుంటూ జనం బస్సులెక్కే ఊళ్లో
ఒక పెట్టె
ఉక్కపోత తట్టుకోలేక సొమ్మసిల్లుతోందంటే!

బేకరీ వాళ్ల జీతాల లెక్క నాది.
మొత్తం ఇరవైనలుగురు.
పదహారో పేరు దాకా బాగానే నడుస్తుంది.
పదిహేడోది త్సెండ్‌సురెన్,
రాత్రంతా పిండి పిసికే ఆవిడ.
ఆ పేరు మీద వేలు పెట్టేసరికి
ఫ్యాను ఈల వేస్తుంది, రొప్పుతుంది,
తెర నల్లబడుతుంది.
నలభై నిమిషాలు. దాని ఓపిక అంతే.
ఈ పాత లెక్కల ప్రోగ్రాము
జాబితా చివరికొచ్చాక గానీ దేన్నీ దాచుకోదు,
అంతదాకా ఎవర్నీ నమ్మదు.
మళ్లీ మొదటినుంచి.
మూడు రాత్రులుగా
పదహారు మందికి జీతాలు కడుతున్నాను,
ఆవిడ గడప దగ్గరే ఆగిపోతున్నాను.

మా రేడియేటర్‌కి తిప్పే మర లేదు.
మాకెంత వేడి కావాలో
ఊరవతల పొగగొట్టాల వాళ్లే నిర్ణయిస్తారు.
చిన్న కిటికీ తెరిస్తే బొగ్గుపొగ,
మూస్తే కుంపటి.

"బాల్కనీలో పెడదామమ్మా,
గొర్రె తొడ పక్కన," అంది అనుజిన్.
చలికాలానికని దాచిన మాంసం మూటలు జరిపి
చోటు కూడా చేసింది.
వైర్లు పీకి, చెరో వైపూ పట్టుకుని లేపాం.
సరిగ్గా అప్పుడే పైవాటా గోంచిగ్ వచ్చాడు
ఉప్పు అడగడానికి.
ముప్పై ఏళ్లు రైలింజన్ల కడుపులో చేతులు పెట్టిన మనిషి.
"బయటినుంచి వస్తే నీ కళ్లజోడు ఏమవుతుంది?" అన్నాడు.
మసకేస్తుంది.
"దీని లోపలా అంతే. ఇనుముకి చెమట పడితే
ఇక లేవదు. దించండి."

దించాం.
నాలుగు మరలు విప్పాడు, అయిదోది అరిగిపోయింది,
దాన్ని తిట్టి విప్పాడు.
మూత తీసి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత నావైపు తిరిగి
"నువ్వేం పని చేస్తావు పగలు?" అన్నాడు.

పగలు చెప్పులు చేస్తాను, ఉన్ని చెప్పులు,
ఇదే బల్ల మీద, ఆరేళ్లుగా.
ఉన్ని పరిచి, వేడినీళ్లు చల్లి,
నొక్కి, చుట్టి, మళ్లీ నొక్కి.
నేను విదిల్చిన ప్రతి పోగునీ
ఈ ఫ్యాను నోరు తెరిచి లోపలికి లాక్కుంది.
అక్కడా వేడి ఉంది, టీ ఆవిరి ఉంది,
నొక్కే గాలి ఉంది.
చూసి నేర్చుకుందో ఏమో,
తనూ ఒకటి చేసుకుంది:
వేలిగోరంత మందాన,
నేత లేని గొంగడి.

గోంచిగ్ దాన్ని మీగడ తీసినట్టు
ఒక్క ముక్కగా ఎత్తాడు.
చలికాలం వచ్చిందని గుడారానికి మేం కప్పేది కూడా ఇదే.
పాపం దానికెవరు చెప్పారో.

కింద ఎండిన పేస్టు, పగిలిన మడమలా.
వోడ్కా తెమ్మన్నాడు.
ఉంగరపు వేలితో మొదటి చుక్క ఆకాశానికి చిలకరించి
ఒక మూత దానికీ, రెండు మూతలు తనకీ.
కొత్త పేస్టు అనుజిన్ పెట్టింది.
"కందిగింజంత. చాలు. చాలన్నానా!"

కూలి వద్దన్నాడు.
నలభైమూడో సైజు చెప్పులు మాత్రం ఒప్పుకున్నాడు.
వెళ్తూ వెళ్తూ
ఉన్నిని వేరే గదిలోకి మార్చమన్నాడు.
వేరే గది లేదు.
గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే మా కాపురం.
రెండు ఇటుకల మీదికి ఎక్కించాను పెట్టెని,
నెలకోసారి ఊడ్చుకుంటాను.
అతను ఉప్పు మర్చిపోయి వెళ్లాడు.

రాత్రి పదకొండు. పదహారో పేరు.
ఫ్యాను చప్పుడు వినబడటం లేదు,
ఆగిపోయిందేమోనని చెవి ఆనించాను.
పదిహేడు.
త్సెండ్‌సురెన్ కాగితం మొదటిసారి చివరిదాకా చదివాను.
అడుగున, పెన్సిల్‌తో, సన్నగా,
అదనంగా పనిచేసినవి పదకొండు గంటలు.
ఈ మూడు రాత్రుల్లో ఒక్కసారీ
అంత కిందికి రాలేదు నేను.

ఆ గొంగడి ముక్క పారేయలేదు.
దాని మీద అల్యూమినియం పళ్ల అచ్చు
దువ్విన పాపిడిలా ఉంది.
కప్పు కింద పెట్టుకున్నాను.
ఇరవైనాలుగో పేరు దాటాక చూస్తే
ఉప్పు టీ
ఇంకా పొగలు కక్కుతోంది.