పంటి గాటు

రోటర్డామ్‌లో నా పేరు హానా.
హుసేనమ్మ అనబోయి వాళ్ళ నాలుక
సగం దారిలో కూలబడేది.
నేనే కుదించా. ఎక్కువైన గీత చెరపడమేగా
నాకు జీతమిచ్చే పని.

ఉదయగిరిలో, బస్టాండు వెనక సందులో,
చిన్నమ్మ దస్తగిరమ్మ అరుగు మీంచి తలెత్తి
నన్ను చూసి అన్న మొదటి మాట:
"మగోళ్ళ లుంగీని కోటు కుట్టించుకున్నావేంది మే?"

నిజమే. నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్న
నీలం గళ్ళ లుంగీ, లోపల ఉన్ని.
మా ఆఫీసులో అందరూ నలుపే తొడుగుతారు,
నలుపులో ఎవరూ తప్పు చేసినట్టు కనపడరు.
బిడ్డ పుట్టాక నాకది కుదర్లేదు.
భుజం మీద కక్కిన పాలు
మీటింగు మొదలయ్యేసరికి ఎండి తెల్లగా తేలేవి.
గళ్ళలోనయితే మరక కూడా ఒక గడే.
దాన్ని వాళ్ళు స్టైల్ అన్నారు.
నేను కాదనలేదు.

మూడు వారాల సెలవు, అందులో సగం పని.
కొత్త వంటింటి సామాను వరసకి ఒక గరిటె,
దాని పిడి నా వంతు.
పదహారు బొమ్మలు గీశా. పదహారూ తిరిగొచ్చాయి,
"బాగుంది, కానీ" అనే మర్యాదతో.
పదిహేడోది కాయితం మీద కాదు,
చిన్నమ్మ బాడిసె కింద నర్ది కొయ్యలో పుట్టింది.
నేను కొలతలు చెప్తా ఉంటే ఆమె వినలేదు.
"ఎవురి చెయ్యి మే ఇది?" అనడిగింది.
నా దగ్గర ఆ అంకె లేదు.

సోమవారం మధ్యాహ్నం వాళ్ళకి పొద్దున.
సిగ్నలు కోసం దుర్గం దారిలో
రాళ్ళెక్కి నిలబడ్డా,
చంకలో సబీహా, చెవిలో మా పెద్దాయన,
కెమెరా ఆపేసి.
"నమూనా ఫొటో ఇప్పుడే పంపగలవా?"
నమూనా పిల్ల నోట్లో ఉంది.
పది నెలల చిగుళ్ళు, రెండే పళ్ళు.
లాగితే ఏడుస్తుంది. లాగకపోతే
నా సంవత్సరం పోతుంది.

లాగాను.
ఆ ఏడుపు కొండకి తగిలి
నాకంటే ముందు ఇంటికి చేరింది.

పిడి మీద రెండు గాట్లు, పక్కపక్కనే, తడిగా.
నేనేదో అనేలోపు
చిన్నమ్మ పగిలిన సీసా పెంకు తీసి
నాలుగు గీకుళ్ళు గీకింది, ఉప్పు కాయితం రుద్దింది,
శెనగనూనె గుడ్డతో ఒకసారి తుడిచి
"ఇంద" అంది.

గాట్లు పోయాయి.
వాటి చోట సన్నటి పల్లం.
బొటనవేలు పెట్టి చూశా.
వేలు అక్కడే ఉండిపోయింది,
వెనక్కి రమ్మంటే రానట్టు.

ఫొటో వెళ్ళింది. అరగంటలో జవాబు:
ఈసారి "కానీ" లేదు.
ఆ వంపు ఎలా తట్టిందని అడిగారు.
కింద ఫారం, ఫారంలో ఒక గడి:
రూపకర్త.
ఒకే గడి. ఒకే పేరుకి సరిపడా.

పెంకు పట్టిన చెయ్యి సంగటి కెలుకుతా ఉంది.
కొరికిన నోరు వెక్కిళ్ళు పెడతా ఉంది.
హానా అని రాసి పంపేశా.

చిన్నమ్మకి చెప్పలేదు.
చెప్పినా, "కూలెంతిస్తారు మే" అని అడిగుండేది,
దానికీ నా దగ్గర జవాబు లేదు.

రాత్రి నిద్రలో సబీహా నా కోటు అంచు
నోట్లోకి లాక్కుంది.
గళ్ళు నానుతున్నాయి.
జుట్టులో అరుగు మీది రంపపు పొట్టు.
దులపబోయి,
ఎందుకో, చెయ్యి ఆపుకున్నా.