గంట తాడు

ఈ ఆదివారం కూడా గంట మోగలేదు.
అయ్యగారు నా వంక చూశారు.
నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

కోసింది నేనే.
వశిష్ఠకి ఎర్రనీరొచ్చి
లంకలో గడ్డివాములు పడవల్లా తిరుగుతున్న రాత్రి
కల్లుగీసే పోతురాజు పాక కప్పు మీద గొంతుక్కూర్చుని
నన్ను పేరుపెట్టి పిలిచాడు.
దేవుణ్ణి పిలవలేదు.
నాకూ ప్రార్థన గుర్తు రాలేదు.
నిజం చెప్పాలంటే ఒక బూతుమాట వచ్చింది,
ఆనక కొడవలి చేతికొచ్చింది.

పడవ తాడు ఆరు బారలు తక్కువ.
ఆరు బారల తాడు ఎక్కడ వేలాడుతుందో
లంక మొత్తమ్మీద నాకే తెలుసు,
పందొమ్మిదేళ్ళుగా దాన్ని లాగుతున్నవాణ్ణి.

నీళ్ళు తీశాక గుడి అరుగు మీద వాదం.
నమ్మకం చాలు, అది ఉచితం, అన్నారు కృపావరం అయ్యగారు.
రిటైరైన తెలుగు మాస్టారు జెకర్యా
కళ్ళజోడు తుడుచుకుంటూ
"క్రియ లేనిది వాక్యమెలా అవుద్దండీ?" అన్నారు.
"కర్త ఎవరో మరిచిపోకండి మాస్టారూ."
అలా దీపాలవేళ దాకా.
ఆ మెట్టు కిందే, బురదలో,
తన మోకుని కడుక్కుంటున్నాడు పోతురాజు.
వ్యాకరణంలో అతన్ని కర్మ అంటారట.
ఎవరూ అతన్నేమీ అడగలేదు.

నేను ఐదుతో ఆపేసినవాణ్ణి.
ఆ రాత్రి నమ్మానా అంటే, నమ్మాను,
తాడు తెగదని.
అది ఏ పద్దులో రాస్తారో తెలీదు.

కొత్త తాడు లేయమ్మత్త పేనుతోంది.
పోయినేటి నుంచి కాలవలో ఊరిన డొక్కలు,
ముక్కు మూసుకోవాల్సిన కంపు.
"నానకుండా కొడితే పీచు రాదు,
నానేసి ఊరుకుంటే కుళ్ళిపోద్ది" అంది,
డొక్కల గురించే అంది.
నేను తలెత్తి చూస్తే
"ఏంట్రా, కొట్టు" అని సుత్తి చేతిలో పెట్టింది.

పేనడానికి రెండో కొస పట్టేవాడు కావాలి.
గట్టు మీద పోతున్న పోతురాజుని కేకేసింది.
అతను నోట్లో చుట్ట తీయకుండానే పట్టుకున్నాడు.
పురి ఎక్కేకొద్దీ, తాడు పెరిగేకొద్దీ
ఒక్కో అడుగు వెనక్కి, వెనక్కి,
మా చేతుల వంకే చూస్తూ నడిచాడు.

గుడి మెట్టు మడమకి తగిలింది.
వెనుదిరిగి చూడకుండా
ఒకటి ఎక్కాడు,
తాడు వదులవకుండా.