బండి ఎవరిది

గుమ్మిడిపూండి లోకల్లో
ఈ నాలుగు నెలలూ ఒకటే వాదన.
ప్రభుత్వం ఆరు వందల కోట్లు పోస్తుందట,
బదులుగా యాభై ఒక్క శాతం రాయించుకుంటుందట.
"ఇంకేం, రేపట్నించి మనం గవర్నమెంటోళ్ళం"
అంటూ చెంచురామయ్య
అప్పుడే జేబుకి పెన్ను తగిలించాడు.

నా పని తలుపులు వినడం.
నీలవేణి మోటార్సులో పద్నాలుగేళ్ళుగా
ఎడమ తలుపు వేసి, చెవి ఒగ్గి,
చీటీ రాయాలి.
కుదిరిన తలుపు ధప్పుమని ఊరుకుంటుంది.
కుదరనిది
ఇంకేదో చెప్పబోయి ఆగినట్టు వణుకుతుంది.

మూడేళ్ళ కిందటే విన్నాను ఆ వణుకు.
రబ్బరు పట్టీ పలచనైంది,
మీటరుకి నాలుగు రూపాయలు మిగిలాయట.
ఎర్ర చీటీ రాశాను.
మేడ మీదికి వెళ్ళి అది పచ్చగా దిగొచ్చింది.
బాకీలు రాక
అంబత్తూరు పట్టీల కంపెనీ మూతబడినప్పుడు
ఏ రైల్లోనూ వాదన జరగలేదు.

యూనియన్ ఎళిలరసన్
తమిళంలో మొదలుపెట్టి, నన్ను చూసి తెలుగులో ముగిస్తాడు:
"మునిగేవాడికి ముందు చెయ్యివ్వాలక్కా,
ఈత ఎందుకు రాదని గట్టెక్కాక అడగొచ్చు."
యూనస్ ఊరుకోడు:
"ఆ చెయ్యి ఎవరిదన్నా?
అగ్గిపెట్టె కొన్న ముసలామె పన్ను అది.
ఆమె జన్మలో ఈ కారెక్కదు."
"మరి ఓనరో?"
"నుంగంబాక్కంలో ఉన్నాడు. ఆయనిల్లు మునగలేదు.
లాభంలో ఉంటే కారు ఆయనది,
నష్టమొస్తే దేశానిది."

మాట నచ్చింది.
కానీ ఆ కోట్లలో ఎక్కడో ఒక మూల
నా జీతం కూడా ఉందని గుర్తొచ్చి
పొన్నేరి దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

గేటు బయట మస్తానమ్మ బండి.
సూళ్ళూరుపేట మనిషి.
ఇడ్లీ, కారప్పొడి, ఎర్రట్ట నోటుబుక్కు.
జీతాలు సగమైన నాటి నుంచి
నలభై ఒక్క మందిమి ఆ పుస్తకంలో తింటున్నాం.

"ఏమ్మే, సర్కారు కొంటాదంట గదా మీ బండిని?"
"కొనాలా వద్దా అని ఇంకా అనుకుంటున్నారు."
"ఆ ఏడు తుపానులో నా బండి కాలవలో బడింది.
ఎవురూ అనుకోలా.
లాగిన పిలకాయలు ఐదొందలు ఇస్తేగానీ వదలమన్నారు.
నా బండిని
నేనే ఇంకోసారి కొనుక్కున్యా."
"వాళ్ళకి వాటా రాసియ్యలేదా?"
"రెండు పూటలు ఇడ్లీ పెట్టినా. సరిపోయింది."

ఆవిరి చేతుల్లోంచి పుస్తకం తీసుకుని కూడాను.
లక్షా ఇరవై వేల చిల్లర.
కోట్ల పక్కన పెడితే సున్నా కింద చుక్క.
కానీ ఈ నాలుగు నెలలూ
కడుపు మాడి ఒక్కడూ లైను మీద తూలలేదంటే
ఆ చుక్కే.
బ్యాంకులు ముఖం చాటేశాక
కంపెనీకి అప్పిచ్చిన మనిషి ఈమె ఒక్కతే,
అదీ ఏ పూచీకత్తూ లేకుండా,
రెండో చట్నీతో సహా.

"మస్తానమ్మా, ఈ లెక్కన కంపెనీలో నీకూ వాటా ఉండాలి."

గరిటె గిన్నె అంచుకి కొట్టింది.
"వాటా తీసకపోయి యాడ రుబ్బుకునేది?
బాకీ ఇయ్యి."

చేతిసంచీలో అరవై ఉన్నాయి. ఇచ్చాను.
వేలు తడిచేసుకుని పేజీ తిప్పి,
నా పేరు కింద కొట్టేసి,
మిగిలింది లైనులో అందరికీ వినపడేలా చదివింది:
రెండువేల తొమ్మిదివందల నలభై.

నా వెనక నిలబడ్డ చెంచురామయ్య,
జేబులో గవర్నమెంటు పెన్నుతో,
ఏదో మరిచిపోయినవాడిలా
మెల్లగా స్టేషను వైపు నడిచాడు.